ఇడువు అన్న మాట

“పట్టినవా?” అని అడిగాడు వీరేశం. గదిలో అతను తప్ప ఎవరూ లేరు. అయినా అడిగాడు, అడిగి ఒక ఊపిరి పీల్చేంతసేపు ఆగాడు. తల మీదున్న జిప్సం బోర్డు అవతలి కొస కొంచెం తేలికైంది, రోజూ అయినట్టే. అప్పుడు మెడ నిక్కించి బోర్డును పైనున్న ఇనుప పట్టీలకు ఆనించాడు. పెదవుల మధ్య నుంచి ఒక స్క్రూ తీసి కరెంటు మిషన్ మూతికి పెట్టి బిగించాడు, ఇంకొకటి బిగించాడు, మూడోది సగం దిగిందో లేదో మిషన్ గుర్రుమనడం మానేసింది. మీట నొక్కితే నొక్కిన చప్పుడే తప్ప మరేం లేదు. పైకెత్తేటప్పుడు వైరు లాక్కుని ఉంటుంది, బయట నడవాలో ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి ప్లగ్గు ఊడి ఉంటుంది. ఊడితే దిగిపోయి పెట్టుకోవాలి, అంతే కదా అని ఎవరైనా అనొచ్చు. అనేవాళ్ళు ఒకసారి ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు ఉన్న పలకను నెత్తిన పెట్టుకుని ఇనుప బల్ల మీద నిలబడి చూడాలి. ఇవతలి అంచుకు రెండున్నర స్క్రూలు పడ్డాయి. అవతలి కొసకు ఒక్కటి కూడా పడలేదు. తల తీస్తే పలక ఆ రెండున్నర స్క్రూల దగ్గర పుటుక్కున విరిగి కింద పడుతుంది. వేలంత మందం లేని సున్నపు పలక, కాగితం తొడుక్కున్న సుద్దముక్క లాంటిది. వెనక గోడకు టీ ఆకారంలో చేసుకున్న పొడుగాటి కర్ర ఆనించి ఉంది. ఒంటరిగా పనిచేసేవాడు అవతలి కొసకు పోటు పెట్టుకునే కర్ర అది. ఒకప్పుడు, వెంట మనిషి రాని రోజుల్లో వాడేవాడు. కొన్నాళ్ళుగా పని మొదలుపెట్టేటప్పుడు దాన్ని తెచ్చి గోడకు ఆనించడం, పనైపోయాక మళ్ళీ తీసుకుపోవడం తప్ప దాంతో అవసరం పడలేదు.

“మేడం” అని పిలిచాడు. మూతిలో ఇంకా నాలుగైదు స్క్రూలున్నాయి కనుక ఆ పిలుపు ఏ మూలకూ పోలేదు. పక్క గదిలో తలుపు వేసుకుని దివ్య ఆఫీసు మీటింగులో ఉంది. ఈ ఫ్లాటు ఆమెదీ ఆమె భర్తదీ. భర్త పొద్దున్నే రాయదుర్గం వైపు ఆఫీసుకు పోయాడు, ఆమెకు వారంలో కొన్ని రోజులు ఇంట్లోంచే పని. ఆ పని కోసమే ఈ గదికి సీలింగు వేయిస్తున్నది, గొంతు గింగురుమనకుండా. తలుపు వెనక నుంచి ఆమె ఇంగ్లిషు వినబడుతూనే ఉంది, మధ్యలో నవ్వు, మధ్యలో ‘యా యా’. చెవుల్లో ఏవో పెట్టుకుని ఉంటుంది. కొండాపూర్‌లో ఇన్ని ఇళ్ళు చేశాడు, ఇంగ్లిషు మాట్లాడే తలుపులను తట్టకూడదని అతనికి బాగా తెలుసు. మీటింగు అయ్యేదాకా నిలబడాల్సిందే. ఎంతసేపన్నది ఆ నవ్వును బట్టి అంచనా కట్టాలి. నిలబడగలడు. అవతలి కొసను భూలక్ష్మి పట్టుకుంది కదా.

ఆమె ఎప్పుడూ అవతలి కొసే పట్టేది. పట్టడమంటే చేతులతో కాదు, నెత్తితో. ఊరి నుంచి వచ్చిన కొత్తలో గచ్చిబౌలి దిక్కు లేస్తున్న అద్దాల బిల్డింగులకు మొగుడూ పెళ్ళాలిద్దరూ సిమెంటు మాలు మోశారు. తట్టలు మోసి మోసి ఆమె మెడ ఇనుప గుంజ అయ్యిందని తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు. తర్వాత వీరేశం సీలింగు పని నేర్చుకుని సొంతంగా మిషన్ కొనుక్కున్నప్పుడు, మనిషిని ఎక్కడ వెతుకుతవు, నేను లేనా అంది. చీర కొంగు నడుముకు దోపి, పాత తువ్వాలును చుట్టబట్ట చేసి నెత్తిన పెట్టుకుని, పలక కింద దూరి నిటారుగా లేచి నిలబడేది. “పట్టినవా?” అని అతను అడిగితే “పట్టిన” అనేది. ఆ తర్వాత అతను స్క్రూలన్నీ బిగించి “ఇగ ఇడువు” అనేదాకా అక్కడ నుంచి కదిలేది కాదు. స్క్రూలు మొత్తం పడిపోయినా సరే, పలక తన కాళ్ళ మీద తాను నిలబడ్డట్టు గట్టిగా ఉన్నా సరే, మాట వినబడాలి. ఒకసారి మాదాపూర్‌లో ఒక ఆఫీసులో పలకంతా బిగించేసి వీరేశం ఫోనొస్తే మాట్లాడుకుంటూ బయటికి పోయాడు. అక్కడ చాయ్ దొరికింది, తాగాడు, తెలిసినవాడు కనబడ్డాడు, ఊరి సంగతులు మాట్లాడుకున్నారు. తిరిగొచ్చేసరికి ఆమె అక్కడే నెత్తి ఆనించి నిలబడి ఉంది, చెంపల మీదుగా చెమట కారుతోంది. “ఏందే, ఇంక పట్టుకున్నవ్?” అంటే “నువ్వు చెప్పలే గద” అంది. కోపంగా కూడా అనలేదు. ఆ పొద్దు ఆఫీసువాళ్ళు మెడలో కార్డుల పట్టీలు వేలాడేసుకుని అటూ ఇటూ నడుస్తుంటే, ఇద్దరూ మూలన కూర్చుని పడీపడీ నవ్వారు.

పక్క గదిలో నవ్వు ఆగి వేరే గొంతు మొదలైంది, మగ గొంతు, లౌడ్‌స్పీకర్లోంచి వచ్చినట్టుంది. మీటింగు ఇప్పట్లో తేలదు. ఎడమ భుజం కింద నరం ఒకటి తీగలా లాగుతోంది, లాగితే లాగనీ. పెదవుల మధ్య స్క్రూల ఇనుప రుచి, దానికి తోడు కొంచెం ఉప్పగా చెమట. మూతిలో స్క్రూలు పెట్టుకునే అలవాటు అతనికి మొదటి నుంచీ ఉంది, మింగుతవు ఒకనాడు అని ఆమె తిడుతూనే ఆ అలవాటును బాగా వాడుకునేది. పలక నెత్తిన పెట్టుకున్నదంటే ఇంక మొదలుపెట్టేది. ప్రగతి నగర్‌లో వాళ్ళుండే గదికి చెరువు వైపు నుంచి దోమలెలా వస్తున్నాయి, కిరాయి గది ఆసామి భార్య నీళ్ళ దగ్గర ఏమంది, బిడ్డ జ్యోతికి వచ్చిన సంబంధంలో పిల్లగాని తల్లి మాటతీరు ఎలా ఉంది, అతని చెల్లెలు పండగకు వచ్చి ఎన్ని వంకలు పెట్టింది. అతను ఎదురు చెప్పలేడు, మూతి నిండా స్క్రూలు. “నీ మూతిల గవి ఉన్నంతసేపే నాకు మాట్లాడ సందు” అనేది. అతని సంసారంలో సగం ముచ్చట్లు అట్లా సీలింగుల కిందనే అయిపోయాయి. జ్యోతి పెళ్ళి కూడా కూకట్‌పల్లిలో ఒక హాల్లో పలకలు ఎక్కిస్తుంటేనే ఖాయమైంది. ఏదో ఒకటి చెప్పు అని ఆమె అడిగితే అతను ‘ఊ’ అన్నాడు, ఆ ఊ అనడమే ఒప్పుకున్నట్టు లెక్క. ఎన్ని ఇళ్ళలో, ఎన్ని ఆఫీసుల్లో తెల్లటి సీలింగు పైన ఆ ముచ్చట్లు ఇంకా ఉండి ఉంటాయో, కింద కూర్చుని పనిచేసుకునే పిల్లలకు ఏం తెలుసు. తెలియకపోవడమే మంచిది, తెలిస్తే భయపడతారు.

ఇప్పుడు ఆమె ముచ్చట్లు చెప్పదు. అదొక్కటే తేడా. పడుతుంది, మాట్లాడదు. మొదటిసారి పట్టినప్పుడు అతనికి ఒళ్ళంతా జలదరించిన మాట నిజం. ఆమె పోయాక వచ్చిన మొదటి పని, ఖాళీ ఫ్లాటు, టీ కర్ర పోటు పెట్టి పలక ఎత్తుతున్నాడు. కర్ర నున్నటి టైల్స్ మీద జారింది, పలక వాలిపోయింది, పోయింది అనుకున్నప్పుడు నోట్లోంచి అలవాటుగా “పట్టినవా?” అని వచ్చింది. పలక ఆగింది. అంతే, ఆగింది. కర్ర కింద పడి దొర్లుతూనే ఉంది. ఆ ఆగడంలో అతనికి తెలియని సంగతేం లేదు, ఆ మెడ అతనికి తెలుసు, కొంచెం ఎడమకు ఒరిగి పట్టే ఆ తీరు తెలుసు. ఆ పొద్దు పని పూర్తిచేసి, బల్ల మీద కూర్చుని, ఎవరూ లేని ఆ ఇంట్లో భయంతో ఏడ్చాడు, సంతోషంతో కూడా ఏడ్చాడు, రెండింటికీ వేరు తెలియలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే జ్యోతి దర్గాకో, మంత్రగాని దగ్గరికో తీసుకుపోతుంది. వదిలించుకోవడానికి మందులు అందరూ చెప్తారు. అతనికి వదిలించుకోవాలని లేదు.

“నాయినా, ఒక్కనివే ఎందుకు చేస్తున్నవ్? మెడల నరం పట్టేస్తె ఎవరిని పిలుస్తవ్?” అని జ్యోతి ఫోన్ చేసినప్పుడల్లా అంటుంది. పనులిచ్చే చలపతిరావు కూడా అదే గోల. ఆయనది గుంటూరు వైపు, కేపీహెచ్‌బీలో ఉంటాడు, మంచివాడే. “మనిషిని పంపిస్తానంటే వద్దంటావేంటయ్యా వీరేశం? ఒంటి చేత్తో చేసే పనా ఇది?” అని ఒకసారి తానే సురేష్ అనే గట్టి మనిషిని వెంటబెట్టుకొచ్చి దింపిపోయాడు. సురేష్ బాగానే పట్టాడు. స్క్రూలన్నీ పడ్డాయి. అతను పలక కింద చేతులు పెట్టి నిలబడి “అన్నా, ఇడువాల్నా?” అన్నాడు. వీరేశం నోరు తెరిచాడు, మాట రాలేదు. “అన్నా, ఇడువాల్నా?” మళ్ళీ అన్నాడు. మూతిలో స్క్రూలు కూడా లేవు, సాకు చెప్పుకోవడానికి. ఒక్క మాట, రోజుకు యాభై సార్లు అన్న మాట, అది గొంతులో చేప ముల్లులా అడ్డం పడింది. చివరికి సురేష్ తానే చేతులు తీసేసి, అతని మొహంలోకి అదోలా చూసి, భోజనానికని పోయినవాడు మళ్ళీ రాలేదు. వీరేశానికి మతి సరిగ్గా లేదని కూలీల అడ్డా మీద చెప్పాడట. చెప్పనీ. పక్కన మనిషి ఉంటే ఆ మాట అనాల్సి వస్తుంది. ఆ మాట పైకి అంటే ఎవరు వింటారో అతనికి తెలుసు. అందుకే ఒంటరిగా చేస్తున్నాడు, మొండితనానికి కాదు, పిసినారితనానికి కాదు.

దవాఖానలో కూడా అనలేదు. ఆమె ఇంటి దగ్గర ఉండిపోయిన పొద్దు, గిన్నెలు తోముతూ తోముతూ పక్కకు ఒరిగిపోయిందని పక్కింటి జయమ్మ ఫోన్ చేస్తే, బల్ల మీద నుంచి దూకి పరుగెత్తాడు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. కళ్ళు మూసే ఉన్నాయి, మాట లేదు, ఎడమ పక్కంతా చచ్చుబడింది, కుడి చెయ్యి మాత్రం అతని మణికట్టును పట్టుకుంది. ఎట్లా పట్టుకుంది, పలకను పట్టినట్టే. “అది నరాల పనయ్యా, ఆమెకు తెలిసి పట్టుకోలేదు” అన్నాడు డాక్టరు. వీరేశం తల ఊపాడు గానీ మనసులో నమ్మలేదు. తెలియకుండా పట్టుకునే మనిషా ఆమె? రోజుల తరబడి, అతను పక్కన కూర్చున్నంతసేపూ ఆ పట్టు సడలలేదు. ఆమె ముఖం చూస్తుంటే అతనికి మాదాపూర్ ఆఫీసే గుర్తుకొచ్చింది, ఆ చెమట, ఆ నిలబడ్డ తీరు. మాట కోసం చూస్తున్నది. ఇగ ఇడువు అంటే చాలు, ఆమెకు బరువు దిగిపోతుంది. అంటే పోతుందని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పెదవులు బిగించుకుని కూర్చున్నాడు, నిండా స్క్రూలున్నవాడిలాగే. చూసే వేళ అయిపోయిందని నర్సమ్మ వచ్చి “బయటికి నడువుండ్రి, ఇంకెంతసేపు?” అంటే, వేళ్ళు ఒక్కొక్కటే తీసి, చేతిని దుప్పటి మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు. ఆ సాయంత్రమే కబురొచ్చింది. అందరూ పోయింది అన్నారు. పాడె కట్టారు, నిప్పు పెట్టాడు, అన్నీ చేశాడు. అయినా అతనికి ఒకటే లెక్క. చెప్పనిదే వదిలే మనిషి కాదు, అతను చెప్పలేదు, కనుక వదల్లేదు.

పక్క తలుపు తెరుచుకున్న చప్పుడు. చెప్పులు టపటపమంటూ వంటింటి వైపు పోయి, ఫ్రిజ్ తెరిచి, మూసి, ఇటు తిరిగాయి. “మేడం” అని మళ్ళీ పిలిచాడు. చేతిలో నీళ్ళ సీసాతో దివ్య గుమ్మంలో ఆగిపోయింది.

“అయ్యో, ఎంతసేపట్నుంచి ఇలా నిల్చున్నారండీ? పిలవొచ్చుగా.”

“పిలిసిన మేడం. మీరు మీటింగుల ఉన్నరు. జర ఆ ప్లగ్గు ఊడింది, పెట్టుండ్రి.”

ఆమె నడవాలోకి పోయి ప్లగ్గు పెట్టింది. మిషన్ గుర్రుమంది. ఆమె వెళ్ళిపోతుందనుకున్నాడు, వెళ్ళలేదు. తలెత్తి చూస్తూ, “ఆ చివర కిందికి జారుతోందండీ, బెత్తెడు సందు కనబడుతోంది” అంది.

“జారదు మేడం. పట్టుకునే ఉన్నది.”

“ఎవరు?”

అతను మూతిలోని స్క్రూలను నాలుకతో సర్దుకున్నాడు. జవాబు ఎగ్గొట్టడానికి అవి పనికొచ్చాయి. ఆమె బాల్కనీలోంచి ప్లాస్టిక్ స్టూలు ఈడ్చుకొచ్చి, సరిగ్గా ఆ కొస కింద వేసి, ఎక్కి నిలబడింది. అక్కడొద్దు అని చెయ్యి ఊపాడు. అక్కడ మనిషి ఉన్నది అని ఎలా చెప్తాడు? “ఏం కాదండీ, రెండు నిమిషాలేగా, జిమ్‌లో ఇంతకన్నా బరువే ఎత్తుతాను” అంటూ ఆమె రెండు చేతులూ పైకెత్తి పలకకు ఆనించింది. పలక వణికింది. ఇన్నాళ్ళలో అది వణకడం అదే మొదటిసారి. బతికిన మనిషి చేతులు వణుకుతాయన్న సంగతే అతను మరిచిపోయాడు. ఒక చోట అదురుతూ, ఇంకో చోట కదలకుండా, పలక కింద ఇద్దరు ఆడవాళ్ళున్నట్టు అతని నెత్తికి స్పష్టంగా తెలుస్తోంది. త్వరగా కానివ్వాలి, కానిచ్చి, ఏమీ అనకుండా, సైగ చేసి ఈమెను దించాలి. “నేను చెప్పేదాంక చేతులు తియ్యొద్దు మేడం” అన్నాడు పళ్ళ సందు నుంచి. అలవాటు చొప్పున వచ్చిందా మాట, వచ్చాక నాలుక కరుచుకున్నాడు. ఆమె బడిపిల్లలా “సరే అండీ” అంది.

సగం దిగిన స్క్రూను పూర్తిగా దించాడు. మధ్య పట్టీ మీద ఒకటి మొదలుపెట్టాడు. మిషన్ అదురుకు అవతలి అంచు నుంచి తెల్లటి పొడి జలజల రాలి ఆమె కళ్ళలో పడింది. “స్స్” అంది దివ్య. కళ్ళు గట్టిగా మూసుకుంది, నీళ్ళు చెంపల మీదికి కారాయి, చేతులు మాత్రం తియ్యలేదు. తల అటూ ఇటూ తిప్పుకుంటోంది, భుజంతో తుడుచుకోబోయి అందక, కాలు కదిపింది. స్టూలు ఒక కాలు మీదికి లేచింది. ఆమె ఒరుగుతోంది, ఒరుగుతూ కూడా పట్టుకునే ఉంది, ఆ మూసిన కళ్ళు, ఆ కారే నీళ్ళు, చెప్పేదాకా వదలకూడదని పట్టుకున్న ఆ చెయ్యి. వీరేశం నోట్లోని స్క్రూలన్నీ టైల్స్ మీద గలగలా రాలాయి.

“ఇడువు” అని అరిచాడు.

ఇడువుండ్రి మేడం అనలేదు. ఇడువు అన్నాడు, ఇంటి మనిషితో అన్నట్టు, ఒక్క మనిషితో తప్ప ఇంకెవరితోనూ అనని తీరులో. దివ్య చేతులు తీసి కిందికి దూకింది, తడుముకుంటూ బాత్రూమ్ వైపు పరుగెత్తింది. ఆమె మోసిన బరువెంతో అతనికి తెలుసు, అది ఎంతో లేదు, పిల్లకోడి బరువు. దాని వెనక ఇంకో బరువు వచ్చింది. మెల్లగా రాలేదు, ఆగి ఆగి రాలేదు, చెప్పిన మాట విన్న మనిషి ఒక్కసారి పక్కకు తొలగినట్టు, మొత్తం పలక బరువు అతని నెత్తి మీదికి, మెడ మీదికి, మోకాళ్ళ దాకా దిగింది. ఇనుప బల్ల కిర్రుమంది. మిషన్ వదిలేసి రెండు చేతులూ చాపి పలకను పొదువుకున్నాడు. సుద్దపొడి వాసన, తన చెమట వాసన, అంతే, ఇంకేమీ లేదు. “భూలచ్మీ” అన్నాడు. “పట్టినవా?” అన్నాడు. ఆగాడు. బాత్రూమ్‌లో కుళాయి పారుతోంది, కింద రోడ్డు మీద ఎవరో బండి హారన్ కొడుతున్నారు, పలక కొంచెం కూడా తేలిక కాలేదు. తాను అనాలని అనలేదు, ఆమెతో అనలేదు, ఎవరో పడిపోతుంటే అన్నాడు. కానీ ఆమె ఎప్పుడు అడిగింది ఎవరితో అన్నావని? మాట వినబడితే చాలు ఆమెకు. ఎన్నాళ్ళుగా నిలబడిందో పాపం, ఎంత మెడ నొప్పి పుట్టిందో, ఒక్కసారి కూడా జల్ది కానియ్ అనలేదు. ఏడుపు వచ్చింది, ఏడవడానికి చేతులు ఖాళీ లేవు.

దివ్య ముఖం తుడుచుకుంటూ వచ్చింది, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. “సారీ అండీ, వదిలేశాను. మీ మీద పడిందా?”

“మీరేం చేసిన్రు మేడం. నేనే ఇడువమన్న.”

ఆమె స్టూలు మళ్ళీ సరిచేసుకుని, ఈసారి గోడకు దగ్గరగా జరిపి ఎక్కింది. “మళ్ళీ పట్టుకోనా?” అంది.

వీరేశం తల ఊపబోయాడు, ఊపడానికి వీల్లేక నోటితోనే చెప్పాడు.

“పట్టుండ్రి మేడం. జర గట్టిగ పట్టుండ్రి, ఇప్పుడు బరువుంటది.”